మెనింజైటిస్ టీకాల్లో ఏది ఎవరికి? వరంగల్, ఉత్తర తెలంగాణ కుటుంబాలకు ఒక పోలిక

మెనింజైటిస్ టీకా ఇవ్వమని అడిగితే ఎవరూ ఒక్క డబ్బా తీసి చేతిలో పెట్టలేరు. మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే పొరలు వాచడానికి కారణమయ్యే క్రిములు చాలా ఉన్నాయి, వాటికి వేర్వేరు టీకాలు ఉన్నాయి. చిన్నపిల్లలకు ముఖ్యమైనవి పీహెచ్‌సీలోనూ సబ్ సెంటర్‌లోనూ పైసా ఖర్చు లేకుండా వేస్తారు. మెనింగోకాకల్ టీకా ఒకటి మాత్రం ప్రైవేటులో వేలు పెట్టి కొనాలి. ఇళ్లలో చర్చంతా ఆ కొనే టీకా గురించే నడుస్తుంది. ఉచితంగా వచ్చేవి పూర్తయ్యాయా అని పిల్లల కార్డు తీసి చూసేవాళ్లు తక్కువ. ముందు కార్డు చూడాలి, ఆ తర్వాతే పర్సు తీయాలి. కొన్ని కుటుంబాలకు మాత్రం ఆ ఖరీదైన టీకా తప్పనిసరి. వాళ్లెవరో కింద వివరంగా ఉంది.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది వయసు. హిబ్ అనే క్రిమి (హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా రకం బి) దాదాపుగా ఐదేళ్లలోపు పిల్లలనే పట్టుకుంటుంది. న్యూమోకాకస్ రెండేళ్లలోపు పిల్లలనూ ముసలివాళ్లనూ ఎక్కువగా వేధిస్తుంది. మెనింగోకాకస్ పసిపిల్లల మీద ఒకసారి, పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య మరోసారి విరుచుకుపడుతుంది. అందుకే కాలేజీ పిల్లల విషయానికి వచ్చేసరికి మాట ఈ మూడోదాని చుట్టే తిరుగుతుంది.

రెండోది ఒంట్లో ఉన్న ఇబ్బంది. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే రక్తజబ్బు) ఉన్నా, ప్లీహం (రక్తంలోని క్రిములను వడగట్టే అవయవం) తీసేసినా, వినికిడి కోసం చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం పెట్టినా, రోగనిరోధక శక్తిలో పుట్టుకతో లోపం ఉన్నా, హెచ్‌ఐవీ ఉన్నా మామూలు లెక్కలు వర్తించవు.

మూడోది ప్రయాణం. హజ్, ఉమ్రా, అమెరికా లేదా బ్రిటన్ చదువు అయితే ఎంపిక చాలావరకు అక్కడి నిబంధనే చేసేస్తుంది. నాలుగోది, టీకా ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది. ఒకే పేరుతో పిలిచే రెండు రకాల మధ్య ఇక్కడే పెద్ద తేడా ఉంది. ఐదోది, చేతిలో ఉన్న రోజులు. సూది పడిన తర్వాత రక్షణ ఏర్పడటానికి సుమారు పది రోజులు కావాలి. ఖర్చు సంగతి వీటన్నింటి తర్వాత.

ఒక్క చూపులో

| టీకా | దేని నుంచి రక్షణ | ఎప్పుడు | ఎక్కడ |
|---|---|---|---|
| బీసీజీ | పసిపిల్లల్లో టీబీ మెనింజైటిస్ | పుట్టగానే | ప్రభుత్వంలో ఉచితం |
| పెంటావాలెంట్ | హిబ్ (దాంతోపాటు కోరింత దగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియా, హెపటైటిస్ బి) | 6, 10, 14 వారాలు | ప్రభుత్వంలో ఉచితం |
| పీసీవీ | న్యూమోకాకస్ | 6, 14 వారాలు, 9వ నెలలో బూస్టర్ | ప్రభుత్వంలో ఉచితం |
| జేఈ | జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) | 9వ నెల, మళ్లీ 16–24 నెలలు | జేఈ ఉన్న జిల్లాల్లో ఉచితం |
| ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) | గవదబిళ్లల వల్ల వచ్చే మెనింజైటిస్ కూడా | పిల్లల డాక్టర్ చెప్పిన వయసులో | ప్రైవేటు (ప్రభుత్వంలో ఇచ్చే ఎంఆర్‌లో గవదబిళ్లల భాగం లేదు) |
| మెనింగోకాకల్ కాంజుగేట్ | ఎ, సి, డబ్ల్యూ, వై రకాలు | అవసరాన్ని బట్టి | ప్రైవేటు, డోసుకు వేలల్లో |
| మెనింగోకాకల్ పాలీశాకరైడ్ | అవే నాలుగు రకాలు | రెండేళ్లు దాటాక | కాంజుగేట్ కంటే చవక |
| మెన్-బి | బి రకం | విదేశంలో, డాక్టర్ సలహాతో | మన దగ్గర మామూలుగా దొరకదు |

ఉచితంగా దొరికేవి: ముందు ఇవి పూర్తి చేయండి

తల్లీబిడ్డల కార్డు తీసి పెంటావాలెంట్ మూడు గడులూ, పీసీవీ మూడు గడులూ నిండాయో లేదో చూడండి. పీసీవీలో తరచూ మిగిలిపోయేది తొమ్మిదో నెల బూస్టర్. మొదటి రెండు డోసులు పెంటావాలెంట్‌తో కలిసి పడతాయి కాబట్టి గుర్తుంటాయి. తొమ్మిదో నెలకు తల్లి పుట్టింటి నుంచి అత్తగారింటికి వచ్చేసి ఉంటుంది, ఊరు మారుతుంది, ఆశా కార్యకర్త మారుతుంది, కార్డు పాత సంచిలో ఉండిపోతుంది. ఆ నెలలో ఎంఆర్, జేఈ కూడా పడతాయి కాబట్టి, ఒక్క రోజు తప్పితే మూడు టీకాలు తప్పినట్టే. బుధ, శనివారాల్లో సబ్ సెంటర్‌కు వెళ్లి ఏఎన్ఎంకు కార్డు చూపించండి. ఆలస్యమైందని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగిస్తారు. ప్రభుత్వ పద్ధతిలో పెంటావాలెంట్, పీసీవీ మొదటి డోసు మాత్రం ఏడాది నిండక ముందే పడాలి. ఆ గడువు దాటితే ప్రైవేటే దిక్కు.

పెద్ద పిల్లల తల్లిదండ్రులను కలవరపెట్టే ప్రశ్న ఇంకొకటి ఉంది. పెంటావాలెంట్ దేశంలో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులతో మొదలై తర్వాత మిగతా రాష్ట్రాలకు వచ్చింది. పీసీవీ దేశమంతా అందుబాటులోకి వచ్చింది 2021లో. కాబట్టి ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లల్లో చాలామందికి ఈ రెండూ పడి ఉండవు. ఇప్పుడు వేయించాలా? ఆరోగ్యంగా ఉన్న పిల్లలైతే అక్కర్లేదు. ఆ క్రిములు ఎక్కువగా దెబ్బతీసే వయసు వాళ్లు దాటేశారు. పైన రెండో అంశంలో చెప్పిన జబ్బులు ఉన్నవాళ్ల సంగతి వేరు.

జేఈ గురించి ఒక మాట. అది పొరల వాపు కాదు, మెదడుకే వచ్చే వాపు. వరి మడుల నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ, పందుల నుంచీ కొంగజాతి పక్షుల నుంచీ ఆ వైరస్‌ను మనిషికి తెస్తుంది. జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం రెండింటిలోనూ కనిపిస్తాయి కాబట్టి ఊళ్లలో రెండింటినీ మెదడువాపే అంటారు. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాలు జేఈ ప్రాంతాలే. కాబట్టి "మెదడువాపు టీకా పడింది" అని ఇంట్లో అంటే అది జేఈ టీకాయే అయి ఉంటుంది. మెనింగోకాకస్ మీద దానికి పట్టు లేదు.

కొనాల్సిన టీకా: కాంజుగేటా, పాలీశాకరైడా, మెన్-బినా?

మెనింగోకాకస్‌లో మనుషులకు ఎక్కువ ముప్పు తెచ్చేవి ఎ, బి, సి, డబ్ల్యూ, ఎక్స్, వై రకాలు. ఢిల్లీలో 1966, 1985, 2005–06లలో, ఆ తర్వాత మేఘాలయ, త్రిపురల్లో వచ్చిన వ్యాప్తులకు ప్రధాన కారణం ఎ రకం. బ్రిటన్‌లో బి రకం ఎక్కువ, 2009 తర్వాత కొన్నేళ్లపాటు డబ్ల్యూ కూడా పెరిగింది. 2000లో హజ్ యాత్రికుల ద్వారా అనేక దేశాలకు పాకింది డబ్ల్యూ-135. దీన్నిబట్టే, వెళ్లే చోటు మారితే టీకా కూడా మారుతుంది.

పాలీశాకరైడ్ రకం పాతది. క్రిమి పైపొరలోని చక్కెర పదార్థంతో మాత్రమే తయారవుతుంది. రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. పెద్దవాళ్లలోనూ రక్షణ కొన్నేళ్లకే తగ్గిపోతుంది. మళ్లీ మళ్లీ వేస్తే శరీరం స్పందించడం తగ్గవచ్చు. గొంతులో క్రిమిని మోసుకు తిరగడాన్ని ఇది ఆపలేదు, అంటే పక్కవాడికి అంటించకుండా కాపాడదు. చవకగా దొరకడం ఒక్కటే దీనికి అనుకూలం.

కాంజుగేట్ రకంలో అదే చక్కెర పదార్థాన్ని ఒక ప్రోటీన్‌కు అతికిస్తారు. దాంతో శరీరం దాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది, చిన్నపిల్లల్లో కూడా పనిచేస్తుంది. మన దగ్గర డాక్టర్ల నోట ఎక్కువగా వినిపించిన పేర్లు మెనాక్ట్రా, మెన్వియో. మెనాక్ట్రా 9 నుంచి 23 నెలల పిల్లలకు మూడు నెలల తేడాతో రెండు డోసులు, రెండు నుంచి 55 ఏళ్లవారికి ఒక డోసు. మెన్వియోను మన దగ్గర రెండేళ్లు దాటినవాళ్లకు ఒక డోసుగా వేస్తారు. మార్కెట్లో బ్రాండ్లు మారుతుంటాయి. పెట్టె మీద కాంజుగేట్ అన్న మాట, ఎ, సి, డబ్ల్యూ-135, వై అన్న నాలుగు రకాలూ ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

రెండిట్లో ఏది అంటే, కాంజుగేట్. రెండు మూడు వేలు మిగుల్చుకుందామని పాలీశాకరైడ్ వేయించుకుంటే ప్రయాణానికి చూపాల్సిన టీకా సర్టిఫికెట్ గడువు తొందరగా అయిపోతుంది, రెండోసారి ఖర్చు పడుతుంది. కాంజుగేట్ ఎక్కడా దొరక్క, ప్రయాణం నెత్తి మీదికి వచ్చినప్పుడే పాలీశాకరైడ్ గురించి ఆలోచించాలి.

మెన్-బి వేరే టీకా. పై నాలుగు రకాల టీకా బి మీద పనిచేయదు, మెన్-బి ఆ నాలుగింటి మీద పనిచేస్తుందని అనుకోకూడదు. బ్రిటన్‌లో 2015 నుంచి పసిపిల్లలకు ఇస్తున్నారు. అమెరికాలో 16–23 ఏళ్లవారు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకునే టీకా ఇది. ఇక్కడ వెతుకుతూ రోజులు పోగొట్టుకోవద్దు, అక్కడికి వెళ్లాక యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో అడగండి.

మెన్‌ఫైవ్ పేరు కూడా వినపడుతుంది. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఐదు రకాల టీకా ఇది (ఎ, సి, డబ్ల్యూ, వైలకు తోడు ఎక్స్). ఆఫ్రికా కోసం ఉద్దేశించినది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది, 2024లో నైజీరియాలో వాడకం మొదలైంది.

మీరు ఎవరు? దాన్ని బట్టి ఎంపిక

*విదేశీ చదువుకు వెళ్తున్నవాళ్లు*

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి ఆగస్టులో విమానం ఎక్కే పిల్లలు చేసే పొరపాటు, వీసా వచ్చేదాకా ఆరోగ్య ఫారం ముట్టుకోకపోవడం. అడ్మిషన్ లెటర్‌తో పాటే యూనివర్సిటీ ఇమ్యునైజేషన్ ఫారం పంపుతుంది. దాన్ని ముందు డౌన్‌లోడ్ చేసి చదవండి, ఎందుకంటే అమెరికాలో రాష్ట్రానికో నిబంధన ఉంటుంది. టెక్సస్‌నే తీసుకుంటే, కొత్తగా చేరే 22 ఏళ్లలోపు విద్యార్థులు గత ఐదేళ్లలో మెనింగోకాకల్ టీకా వేయించుకుని ఉండాలి, అదీ తరగతులు మొదలయ్యే రోజుకు కనీసం పది రోజుల ముందు. బీటెక్ అయి ఎంఎస్‌కు వెళ్లేసరికి మనవాళ్లకు 21, 22 ఏళ్లు ఉంటాయి. పుట్టినరోజును బట్టి ఒకరికి తప్పనిసరి అవుతుంది, అదే గదిలో ఉన్న స్నేహితుడికి అవదు. తప్పనిసరి కాకపోయినా హాస్టల్లో ఉండేవాళ్లు వేయించుకోవడమే మంచిది. బాయ్స్ హాస్టల్ అయినా గర్ల్స్ హాస్టల్ అయినా ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పడుకోవడం, ఒకే సీసాలో నీళ్లు తాగడం ఈ క్రిమికి అనుకూలమైన వాతావరణం.

బ్రిటన్‌కు వెళ్లేవాళ్లకు వేరే దారి ఉంది. తొలిసారి యూనివర్సిటీలో చేరుతున్న 25 ఏళ్లలోపు వాళ్లకు, విదేశీ విద్యార్థులకు కూడా, అక్కడి జీపీ (కుటుంబ డాక్టర్) దగ్గర ఈ టీకా ఉచితం. డబ్బు బిగువుగా ఉంటే అక్కడ దిగిన మొదటి వారంలోనే జీపీ దగ్గర నమోదు చేసుకుని వేయించుకోవచ్చు. వెసులుబాటు ఉంటే ఇక్కడే, బయల్దేరడానికి రెండు వారాల ముందు వేయించుకోవడం మేలు, ఎందుకంటే అంటుకునే అవకాశం ఎక్కువ ఉండేది చేరిన తొలి వారాల్లోనే.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. ఎంఎంఆర్ రెండు డోసులు కావాలంటే వాటి మధ్య 28 రోజులు ఉండాలి. చర్మం మీద టీబీ పరీక్ష అడిగితే అది ఎంఎంఆర్ వేసిన రోజునైనా చేయించాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు. మెనింగోకాకల్ టీకాను ఎంఎంఆర్‌తో అదే రోజు రెండో చేతికి వేయించుకోవచ్చు. కాబట్టి ఆగస్టు ప్రయాణానికి మే నెలాఖరులో మొదలుపెడితే హడావుడి ఉండదు, జూలైలో మొదలుపెడితే ఉంటుంది.

ఫారంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న స్టాంపు ఉండాలి. తేదీలో నెలను అక్షరాల్లో రాయించండి. మనం 05-07 అని రాస్తే మనకది జూలై 5, అమెరికాలో మే 7. ఆ తేడాతో పది రోజుల లెక్క తప్పినట్టు కనపడి రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు.

*హజ్, ఉమ్రా యాత్రికులు*

ఇక్కడ ఎంపికకు తావే లేదు. ఏడాది దాటిన ప్రతి ఒక్కరికీ నాలుగు రకాల టీకా, సౌదీలో దిగడానికి కనీసం పది రోజుల ముందు పడాలి. సర్టిఫికెట్ కాంజుగేట్‌కు ఐదేళ్లు, పాలీశాకరైడ్‌కు మూడేళ్లు చెల్లుతుంది. ఏ రకమో రాసి లేకపోతే మూడేళ్ల లెక్కే కడతారు. అందుకే కాంజుగేట్ వేయించుకున్నవాళ్లు ఆ మాట సర్టిఫికెట్ మీద రాయించుకోవాలి. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లకు ప్రయాణానికి ముందు ఏర్పాటుచేసే శిబిరాల్లో టీకా వేస్తారు. ఉమ్రాకు ట్రావెల్ ఏజెన్సీల ద్వారా వెళ్లేవాళ్లు సొంతంగా వేయించుకోవాలి. "సర్టిఫికెట్ మేం చూసుకుంటాం" అని ఏజెంట్ అంటే, సూది పడకుండా కాగితం మాత్రం తీసుకోకండి. నలుమూలల నుంచి లక్షల మంది ఒకచోట చేరే యాత్ర అది. ఆ కాగితం అడ్డుపెట్టుకుంటే క్రిమి ఆగదు. తిరిగొచ్చాక ఇంట్లో పసిపిల్లలుంటే ముప్పు వాళ్లకూ ఉంటుంది.

*సికిల్ సెల్, ప్లీహం లేనివాళ్లు*

ఈ మొత్తం వ్యాసంలో టీకా వల్ల అత్యంత లాభపడేది ఈ పిల్లలే. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి, ఆదిలాబాద్, ఉట్నూరు వైపు కోయ, గోండు కుటుంబాల్లో సికిల్ సెల్ ఎక్కువ. ఈ జబ్బులో కొడవలి ఆకారపు ఎర్రకణాలు ప్లీహంలో ఇరుక్కుని, చిన్నతనంలోనే దాని పని ఆగిపోతుంది. న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ లాంటి, పైపొర గట్టిగా ఉండే క్రిములను రక్తంలోంచి వడగట్టేది ప్లీహమే. అది పనిచేయకపోతే, పొద్దున జ్వరం అన్న పిల్లవాడు సాయంత్రానికి ప్రాణాపాయంలో పడవచ్చు.

ముందు న్యూమోకాకల్, తర్వాత మెనింగోకాకల్. డబ్బు ఒకదానికే సరిపోతుందంటే మరో ఆలోచన లేకుండా న్యూమోకాకల్‌కే పెట్టండి, ఈ పిల్లల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది అదే. పసితనంలో పీసీవీ పడని పిల్లలకు రెండు నుంచి ఐదేళ్ల మధ్య ఎనిమిది వారాల తేడాతో రెండు డోసులు, ఆరేళ్లు దాటితే ఒక డోసు పీసీవీ వేస్తారు. ఆ తర్వాత కనీసం ఎనిమిది వారాలకు 23 రకాల పాలీశాకరైడ్ న్యూమోకాకల్ టీకా, ఐదేళ్లకు అది మరోసారి. మెనింగోకాకల్ కాంజుగేట్ వీళ్లకు ఒక డోసుతో సరిపోదు. రెండేళ్లు దాటినవాళ్లకు ఎనిమిది వారాల తేడాతో రెండు డోసులు, ఆపైన బూస్టర్లు కావాలి. మెనాక్ట్రా వాడితే, పీసీవీ డోసులన్నీ పూర్తయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి వేయాలి. కలిపి వేస్తే పీసీవీకి శరీరం ఇచ్చే స్పందన తగ్గుతుంది. ఏ టీకా ముందో కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించి ఖాయం చేసుకోండి.

టీకాలు పడ్డా ఐదేళ్లలోపు పిల్లలకు రోజూ ఇచ్చే పెన్సిలిన్ ఆపకూడదు. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ (దాదాపు 101 ఫారన్‌హీట్) దాటితే రాత్రి అయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సికిల్ సెల్ కార్డు ఉన్నవాళ్లు ఐటీడీఏ ఆఫీసులో, జిల్లా ఆస్పత్రిలో టీకా సాయం ఏమైనా ఉందా అని రాతపూర్వకంగా అడగడం మంచిది.

థలసీమియా వల్లనో యాక్సిడెంట్ వల్లనో ప్లీహం తీసేయాల్సి వస్తే, ముందే తెలిసిన ఆపరేషన్‌కైతే రెండు వారాల ముందు, అత్యవసరంగా తీసేస్తే రెండు వారాల తర్వాత ఈ టీకాలు వేస్తారు. డిశ్చార్జి కాగితాల్లో ఆ మాట ఉందో లేదో చూడండి. చాలామందికి ఆపరేషన్ గుర్తుంటుంది, టీకా గుర్తుండదు.

*కాక్లియర్ ఇంప్లాంట్, తలకు దెబ్బ*

ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకునే పిల్లలకు న్యూమోకాకల్ టీకాలు ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందు పూర్తి కావాలి. బైక్ యాక్సిడెంట్ తర్వాత ముక్కులోంచి, చెవిలోంచి నీళ్లలాంటిది కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. అలాంటివాళ్లకూ న్యూమోకాకల్ టీకానే కావాలి.

*ఇక్కడే హాస్టల్లో ఉండి చదివేవాళ్లు*

గురుకులాలు, రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు, ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లు. మన దేశంలో ఆరోగ్యవంతులైన పిల్లలందరికీ మెనింగోకాకల్ వేయాలన్న సిఫారసు లేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకే చెబుతుంది. స్తోమత ఉంటే వేయించండి, నష్టం లేదు. కానీ అప్పు చేసి వేయించాల్సిన టీకా కాదు. ఆ డబ్బుతో ముందు టైఫాయిడ్ కాంజుగేట్, ఎంఎంఆర్ రెండో డోసు, పదహారో ఏట పడాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) చూసుకోండి. హాస్టల్ మెస్‌లో టైఫాయిడ్ వచ్చే అవకాశమే ఎక్కువ. కాలేజీలో ఒక్క మెనింగోకాకల్ కేసు బయటపడితే మాత్రం లెక్క మారుతుంది, వైద్యాధికారులు చెప్పింది అదే రోజు చేయాలి.

మేడారం జాతరకు ఈ టీకా తప్పనిసరి కాదు.

*మామూలు ఇంట్లో పసిపాప*

కార్డులోని టీకాలన్నీ వేయించండి. ప్రైవేటు డాక్టర్ మెనింగోకాకల్ రాస్తే, ఏ కారణంతో రాస్తున్నారో అడగండి. ప్రత్యేక ముప్పు ఏదీ లేదంటే అది ఐచ్ఛికం, వాయిదా వేసినా తప్పు లేదు.

సూది వేయించే రోజు

మెన్వియో పెట్టెలో రెండు సీసాలు ఉండే రకం ఉంది. ఒకదాంట్లో పొడి, రెండోదాంట్లో ద్రవం. ఎ రకం భాగం పొడిలో, మిగతా మూడు ద్రవంలో ఉంటాయి. రెండూ కలిపి వేయాలి. ద్రవం ఒక్కటే సిరంజిలోకి లాగి వేస్తే ఎ రకం మీద రక్షణ రాదు, మన దేశంలో ఎక్కువగా వ్యాప్తి తెచ్చింది ఆ రకమే. కలుపుతున్నప్పుడు చూడండి, అడగడానికి మొహమాటపడకండి.

టీకా 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మెడికల్ షాపులో కొని, ఎండలో బండి మీద సంచిలో పెట్టుకుని క్లినిక్‌కు తీసుకెళ్లే పద్ధతి మంచిది కాదు. ఫ్రిజ్ ఉన్న టీకా కేంద్రంలోనే కొని అక్కడే వేయించండి, లేదా ఐస్‌ప్యాక్ ఉన్న డబ్బాలో తెచ్చుకోండి, టీకా సీసా నేరుగా ఐసుకు తగలకుండా. పెట్టె మీద ఎంఆర్‌పీ, ఎక్స్‌పైరీ చూసి ఫొటో తీసుకోండి. ఆ ఫొటోలో బ్యాచ్ నంబరు ఉంటుంది, సర్టిఫికెట్ పోయినప్పుడు అదే ఆధారం.

కాంజుగేట్‌ను భుజం కండలోకి 0.5 మిల్లీలీటర్లు వేస్తారు. టీనేజీ పిల్లలు సూది తర్వాత కళ్లు తిరిగి పడిపోవడం మామూలే, కాబట్టి కూర్చోబెట్టి వేయించి 15–30 నిమిషాలు అక్కడే ఉంచండి. చేయి నొప్పి, ఒంటినొప్పులు, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. గతంలో గిలియన్ బారీ జబ్బు (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ బలహీనపడేది) వచ్చినా, ఏదైనా టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినా ముందే చెప్పాలి.

టీకా పడ్డా తెలిసి ఉండాల్సిన లక్షణాలు

ఏ టీకా అన్ని క్రిములనూ ఆపదు. బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌లో ఆరుగురిలో ఒకరు చనిపోతారని, ఐదుగురిలో ఒకరికి వినికిడి పోవడం లాంటి తీవ్ర సమస్యలు మిగులుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెనింగోకాకల్ 24 గంటల్లోనే ప్రాణం తీయగలదు.

పెద్దపిల్లల్లో ఎక్కువ జ్వరం, భరించలేని తలనొప్పి, గడ్డం ఛాతీకి ఆనించలేనంతగా మెడ బిగుసుకుపోవడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మత్తుగా లేదా తికమకగా మాట్లాడటం కనిపిస్తాయి. చేతులు కాళ్లు చల్లబడి పిక్కలు లాగితే అది రక్తంలోకి పాకిన సూచన కావచ్చు. పసిపిల్లల్లో మెడ బిగుసుకోవడం కనిపించకపోవచ్చు. పాలు తాగకపోవడం, ఎత్తుకుంటే మరింత ఏడవడం, సన్నని కీచుగొంతుతో ఏడుపు, నడినెత్తిన మెత్తని భాగం ఉబ్బడం, ఒళ్లు వేలాడేయడం చూడండి. ఎరుపు లేదా ఊదారంగు మచ్చలుంటే గాజు గ్లాసు పక్కభాగాన్ని వాటి మీద గట్టిగా నొక్కండి. గాజులోంచి చూసినా మచ్చ మాయం కాకపోతే వెంటనే 108. చామనఛాయ ఒంటి మీద మచ్చలు సరిగా కనపడవు కాబట్టి అరచేతులు, అరికాళ్లు, కింది రెప్ప లోపల, నోటి అంగిట చూడండి. మచ్చలు లేవని మెనింజైటిస్ కాదనుకోవద్దు.

ఊళ్లో జ్వరం రాగానే ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజులు యాంటీబయాటిక్, స్టెరాయిడ్ సూదులు పడతాయి. వాటివల్ల జ్వరం కొంచెం దిగి జబ్బు ముసుగులో పడుతుంది, తర్వాత పరీక్షలో క్రిమి దొరకదు. వేసిన సూదుల పేర్లు, ఖాళీ సీసాలు దాచి ఎంజీఎంలో గానీ మరే పెద్ద ఆస్పత్రిలో గానీ డాక్టర్‌కు చూపించండి. నడుం దగ్గర వెన్నులోంచి నీరు తీస్తామంటే కాళ్లు పడిపోతాయని భయపడి సంతకం ఆపేవాళ్లున్నారు. ఆ సూది వెన్నుపాము ముగిసిన చోటికి కిందుగా వెళుతుంది. ఏ మందు ఎన్ని రోజులు వాడాలో తేల్చేది ఆ నీటి పరీక్షే. కోలుకున్న ప్రతి పిల్లకూ నాలుగు వారాలలోపు వినికిడి పరీక్ష చేయించండి, ఆలస్యమైతే లోపలి చెవి గట్టిపడి ఇంప్లాంట్ పెట్టడం కూడా కష్టమవుతుంది.

రోగికి మెనింగోకాకల్ అని తేలితే, ఒకే ఇంట్లో లేదా ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లు, నోటి ఎంగిలి తగిలినవాళ్లు వీలైతే 24 గంటల్లోపు నివారణ మందు తీసుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్, రిఫాంపిసిన్, సెఫ్ట్రియాక్సోన్‌లలో వయసును, గర్భాన్ని బట్టి ఏదివ్వాలో డాక్టర్ నిర్ణయిస్తారు. అదే క్లాసులో దూరంగా కూర్చున్నవాళ్లకు, ఒకే బస్సులో కాసేపు వచ్చినవాళ్లకు మామూలుగా అవసరం రాదు. టీకా పడి ఉన్నవాళ్లు కూడా ఈ మందు మానకూడదు.